తెరమీద అంకె ఎందుకు తడబడుతుంది?
లోహశోధక యంత్రం చెప్పే జవాబును గ్రహించే విధం

వెండి రూపాయలు చెలామణిలో ఉన్న రోజులలో వ్యాపారి రూపాయి చేతికి రాగానే దానిని రాతిమీద మోగించి చూచేవాడు. ఖంగుమని మోగితే మంచిది. బద్దగా పలికితే చెల్లనిది. ఈ పరీక్షలో నాణాన్ని కోయలేదు, కరగించలేదు. దానిని ఒక ప్రశ్న అడిగారు. అది తన స్వభావాన్నిబట్టి జవాబు చెప్పింది. కాని అదే రూపాయిని గుడ్డలో మూటగట్టి మోగించినా, నాలుగు మేకులతో కలిపి రాతిమీద పడవేసినా ఆ జవాబు మనకు స్పష్టంగా వినబడదు. అంతమాత్రాన రూపాయి అబద్ధమాడిందని అనగలమా?

నేలలో దాగిన లోహాన్ని కనిపెట్టే యంత్రం చేసే పరీక్ష కూడా ఇటువంటిదే. ఇంగ్లండులో దున్నిన పొలాలలోను, పచ్చికబయళ్లలోను ఈ యంత్రంతో పాత నాణెములు వెదకడం చాలమందికి సెలవునాటి వ్యాసంగం. క్రొత్తగా యంత్రం పట్టినవాడు మొదట ఎదుర్కొనే చిక్కు ఒకటున్నది. తెరమీద ఒకసారి 82 అని కనబడుతుంది, వెంటనే 31, మళ్లీ 67. ఇందులో ఏది నిజం? యంత్రం చెడిపోయిందని కొందరు దానిని తిరిగి అమ్మివేస్తారు. మరికొందరు నిలకడగా ఉన్న అంకె దొరికితేనే త్రవ్వుతామని చెప్పి, మంచి వస్తువులను కాళ్లక్రింద వదలి వెళ్లిపోతారు. నిజానికి ఆ తడబాటు కూడా ఒక సమాచారమే. అది ఎక్కడనుండి వస్తున్నదో తెలుసుకొంటే చిక్కు చాలవరకు విడిపోతుంది.

యంత్రం అడిగే ప్రశ్న

కర్ర చివర పళ్లెం వంటి భాగం ఒకటుంటుంది. అందులో రెండు రాగితీగె చుట్టలు ఇమిడి ఉంటాయి. మొదటి చుట్టలో విద్యుత్తు సెకనుకు కొన్ని వేలసార్లు దిశ మార్చుకొంటూ ప్రవహిస్తుంది. దానివల్ల చుట్టూ ఉన్న అయస్కాంత క్షేత్రం కూడా అంత వేగంగానూ మారుతూ ఉంటుంది. మారే అయస్కాంత క్షేత్రం దగ్గరనున్న లోహంలో విద్యుత్తును ప్రేరేపిస్తుందని మైకేల్ ఫారడే 1831లో కనుగొన్నాడు. లోహపు ముక్కలో ఈ విద్యుత్తు నీటిలోని సుడివలె గుండ్రంగా తిరుగుతుంది. ఆ సుడి తనకంటూ ఒక చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. రెండవ చుట్ట దానిని పసిగడుతుంది.

మొదటి చుట్ట ప్రశ్న అడుగుతుంది, లోహం జవాబు చెబుతుంది, రెండవ చుట్ట వింటుంది. ప్రశ్న చాల బిగ్గరగాను, జవాబు చాల మెల్లగాను ఉంటాయి కనుక, ప్రశ్న నేరుగా రెండవ చుట్టకు వినబడకుండా రెండింటిని తూకం వేసినట్లు అమర్చుతారు. లోహమేదీ లేనప్పుడు త్రాసు ముల్లు మధ్యలో నిలుస్తుంది; లోహం రాగానే ఒరుగుతుంది. ఇటువంటి త్రాసును డేవిడ్ ఎడ్వర్డ్ హ్యూస్ అనే శాస్త్రజ్ఞుడు 1879లో లండనులో ప్రదర్శించాడు. నాణెములలోని స్వల్ప భేదాలను కూడా అది పట్టగలిగింది. రాతిమీద రూపాయి మోగించిన వ్యాపారి చేసిన పనినే ఇది విద్యుత్తుతో చేసిందన్నమాట.

అధ్యక్షుని మంచం ప్రక్కన

ఈ త్రాసుకు రెండేండ్లకే కఠినమైన పరీక్ష వచ్చింది. 1881 జూలై 2వ తేదీన అమెరికా అధ్యక్షుడు జేమ్స్ గార్‌ఫీల్డును వాషింగ్టను రైల్వే స్టేషనులో ఒకడు తుపాకితో కాల్చాడు. గుండు శరీరంలో ఎక్కడ ఉన్నదో వైద్యులకు తెలియలేదు. ఎక్స్‌రేలు కనుగొనబడటానికి ఇంకా 14 ఏండ్లున్నవి. టెలిఫోను నిర్మాత అలెగ్జాండర్ గ్రాహంబెల్ హ్యూస్ త్రాసును తన టెలిఫోనుతో జోడించి, శరీరాన్ని కోయకుండానే గుండు జాడ చెప్పే పరికరాన్ని సిద్ధం చేశాడు. అంతర్యుద్ధంలో తగిలిన గుండ్లను శరీరంలో మోస్తూ జీవిస్తున్న పాత సైనికులపై పరీక్షిస్తే అది సరిగానే పనిచేసింది.

కాని అధ్యక్షుని మంచం ప్రక్కన పరిస్థితి వేరైంది. జూలై 26న చేసిన పరీక్షలో తీగెల అమరికలో ఏదో పొరపాటు జరిగి ఫలితం తేలలేదు. ఆగస్టు 1న రెండవసారి చూచినప్పుడు ఒకచోట ఖచ్చితంగా మోగవలసిన ధ్వని చాల వెడల్పయిన ప్రదేశమంతటా అస్పష్టంగా వినిపించింది. పరుపు క్రింద మరొక పరుపున్నదని, అది ఉక్కుతీగెలతో అల్లినదని తరువాత తెలిసింది. ధ్వనిని చెడగొట్టినవి ఆ తీగెలేనని పలువురు వ్రాశారు. అంతకంటె పెద్ద కారణం మరొకటున్నది. గుండు కుడివైపుననే ఉన్నదని ప్రధాన వైద్యుడు నమ్మినందున వెదకడం ఆ వైపుకే పరిమితమైంది. సెప్టెంబరు 19న అధ్యక్షుడు మరణించాడు. శవపరీక్షలో గుండు ఎడమవైపున లోతుగా కనబడింది.

ఈ విషాదగాథలో మన విషయమంతా ఇమిడి ఉన్నది. జవాబు అస్పష్టంగా వచ్చినప్పుడు అడగవలసిన ప్రశ్నలు మూడు: వెదకే వస్తువు కాక ఇంకేమి జవాబు చెబుతున్నది? అది ఎంత దూరాన ఉన్నది? మనం ముందే ఒక నమ్మకం పెట్టుకొని వెదుకుతున్నామా?

అంకె ఎక్కడిది?

బెల్ చెవితో విన్నదానిని నేటి యంత్రం లెక్క కట్టి అంకెగా చూపుతుంది. అది లోహం పేరు కాదు, ఆలస్యానికి కొలత. ప్రశ్నకు, జవాబుకు మధ్య లోహం కొంత ఆలస్యం చేస్తుంది. దీనినే దశాభేదమంటారు. విద్యుత్తును బాగా ప్రవహింపనిచ్చే మందపాటి లోహంలో, ఉదాహరణకు వెండి నాణెంలో, సుడి ఎక్కువసేపు తిరుగుతుంది, ఆలస్యం ఎక్కువ. పలుచని రేకులో సుడి త్వరగా అణగిపోతుంది, ఆలస్యం తక్కువ. ఇనుము దారి వేరు. అది విద్యుత్తును ప్రవహింపనిస్తూనే అయస్కాంత క్షేత్రాన్ని తనలోనికి లాగుకొంటుంది కూడ. అందుచేత దాని జవాబు తక్కిన లోహాల జవాబుకు ఎదురు దిక్కుగా ఉంటుంది. చాల యంత్రాలు ఇనుమును అంకెల వరుసకు అడుగున, వెండిని పైభాగాన చూపుతాయి. ఏ అంకెకు ఏ వస్తువన్నది యంత్రానికి యంత్రానికి మారుతుంది.

దీనిని బట్టి ఒక సంగతి స్పష్టం. ఆలస్యం లోహాన్ని బట్టియే కాక పరిమాణాన్ని, మందాన్ని, ఆకారాన్ని బట్టి కూడా మారుతుంది. చిన్న బంగారపు ఉంగరం, పానీయపు డబ్బామీది అల్యూమినియం కొక్కెం ఒకే అంకె చూపవచ్చును. కనుక ఎంత నిలకడగా ఉన్నా అంకె ఒక అంచనాయే.

తడబాటుకు కారణాలు

మొదటి కారణం లోతు. దూరం పెరిగితే జవాబు ఎంత త్వరగా క్షీణిస్తుందో గమనించండి. చుట్ట వెడల్పుతో పోల్చితే చాల లోతున ఉన్న చిన్న వస్తువును తీసుకొందాము. దూరం రెండింతలైతే దానిని చేరే క్షేత్రం ఎనిమిదవ వంతవుతుంది. తిరిగి వచ్చే జవాబు మళ్లీ అందులో ఎనిమిదవ వంతు. మొత్తంమీద 64వ వంతు మాత్రమే చుట్టకు చేరుతుంది. ఇంత మెల్లని మాటలో ఆలస్యాన్ని కొలవడం సంతలో గుసగుసను వినడం వంటిది. ఉన్నదని తెలుస్తుంది, ఏమన్నదో తెలియదు.

రెండవది నేల. మట్టి మౌనంగా ఉండదు. అందులో మాగ్నటైటు వంటి ఇనుప ఖనిజాలుంటే అవి కూడా జవాబు చెబుతాయి. ఆ జవాబు లోతున ఉన్న నాణెపు జవాబుకంటె ఎన్నో రెట్లు పెద్దది కావచ్చును. అందుకే యంత్రంలో నేలకు తగిన సర్దుబాటు ఉంటుంది. అది నేల గొంతును లెక్కలోనుండి తీసివేస్తుంది. సర్దుబాటు సరిగా లేకపోతే, పళ్లెం పైకి క్రిందికి కదలినప్పుడల్లా అంకె మారుతుంది. ఉప్పునీటితో తడిసిన సముద్రపు ఇసుక మరొక చిక్కు తెస్తుంది. ఉప్పునీరు విద్యుత్తును ప్రవహింపజేస్తుంది కనుక ఇసుకయే పలుచని రేకువలె పలుకుతుంది.

మూడవది పొరుగు. ఇంగ్లండు పొలాలలో రోమనుల కాలంనుండి నేటివరకు రాలిన మేకులు, లాడాలు, నాగలి ముక్కలు లెక్కలేనన్ని. పళ్లెం క్రింద వెండి నాణెం, మేకు కలిసి ఉంటే రెండూ ఒకేసారి జవాబు చెబుతాయి. యంత్రం రెండు గొంతులను విడదీయలేక, కలిపి ఒక అంకె వేస్తుంది. పళ్లెం కొంచెం జరిగితే మేకు గొంతు తగ్గి నాణెం గొంతు పెరుగుతుంది, అంకె ఎగురుతుంది. 31, 82, 67 అన్న వరుసకు అర్థం ఇదే కావచ్చును. ఇక్కడే క్రొత్తవాడు మోసపోతాడు. ఇనుమును విననవసరం లేదని యంత్రంలో ఏరివేత మీట పెట్టుకొంటే, మేకుతోపాటు నాణెం కూడా నోరు మూసుకొంటుంది.

నాలుగవది ఆకారం, పడిన తీరు. వెల్లకిల పడిన నాణెంలో సుడికి కావలసినంత చోటుంటుంది. అంచుమీద నిలబడిన నాణెంలో పైనుండి వచ్చే క్షేత్రానికి దొరికే వైశాల్యం చాల తక్కువ. పళ్లెం దాని నడినెత్తిన ఉన్నప్పుడు జవాబు సన్నగిల్లి, ప్రక్కకు జరిగినప్పుడు బలపడుతుంది. నలిగిన డబ్బా రేకులో ఒక్కొక్క మడత ఒక్కొక్కటి పలుకుతుంది. ఇనుప బిళ్లలు, మధ్య రంధ్రమున్న బిళ్లలు మరీ పేచీకోరులు. వెడల్పుగా ఉండటంవల్ల వాటిలో సుడి బలంగా తిరిగి వెండివలె పలుకుతుంది. అయస్కాంత గుణంవల్ల ఇనుమువలెనూ పలుకుతుంది. ఏ కోణంనుండి ఏ గుణానిది పైచేయి అయితే ఆ అంకె కనబడుతుంది.

ఐదవది నేలలోనిది కానే కాదు. తలపైని విద్యుత్తు తీగెలు, పశువులను ఆపే కరెంటు కంచె, జేబులోని సెల్‌ఫోను, పక్కనే మరొకరి యంత్రం, ఇవన్నీ చుట్టకు వినబడతాయి. యంత్రపు సున్నితత్వాన్ని చివరిదాకా పెంచితే ఎక్కువ లోతు దొరుకుతుందని క్రొత్తవారి ఆశ. సున్నితత్వం గుసగుసలతోపాటు సంత గోలను కూడ పెంచుతుంది.

ఆరవది మన చేయి. గడ్డి కోసినట్లు పళ్లెాన్ని రెండు చివరలా పైకెత్తి ఊపితే ప్రతి ఊపులోను లోతు మారుతుంది. మరీ వేగంగా ఊపితే ఒక జవాబు ముగియకముందే యంత్రానికి మరొకటి వచ్చి పడుతుంది.

వరుసగా చేయవలసిన పరీక్షలు

అంకె తడబడగానే పార తీయరాదు, వదలిపోనూ రాదు. ఒక్కొక్క కారణాన్ని తొలగించుకొంటూ వెళ్లవలెను.

మొదట పళ్లేన్ని నడుమెత్తుకు ఎత్తి కదపకుండా పట్టుకోవాలి. అప్పుడు కూడా అంకెలు వస్తూంటే తప్పు నేలది కాదు, గాలిలోని అలజడిది. సెల్‌ఫోను దూరంగా పెట్టి, సున్నితత్వాన్ని కొద్దికొద్దిగా తగ్గించాలి. అవకాశముంటే పౌనఃపున్యాన్ని మార్చాలి.

గాలిలో నిశ్శబ్దంగా ఉంటే, లోహం లేదని తోచిన చోట పళ్లేన్ని నేలకు దగ్గరగా దించుతూ, ఎత్తుతూ నేల సర్దుబాటు చేయాలి. ఆ కదలికకు యంత్రం పలకకుండా ఉండేదాకా సరిచూడాలి.

ఇప్పుడు అనుమానమున్న చోట పళ్లేన్ని నేలకు సమాంతరంగా, నెమ్మదిగా, ఒక జానెడు మేర మాత్రమే ఇటూ అటూ ఆడించాలి. పక్కనున్న వస్తువులు పళ్లెం క్రిందికి రావడం దీనితో తగ్గుతుంది.

ఆ తరువాత మనిషి పావువంతు చుట్టు తిరిగి, మొదటి దిక్కుకు అడ్డంగా మళ్లీ ఆడించాలి. పరీక్షలన్నిటిలో విలువైనది ఇది. రెండు దిక్కులా ఒకేచోట, దాదాపు ఒకే అంకె వస్తే గుండ్రని వస్తువు ఒంటరిగా ఉన్నదని ఆశించవచ్చును. ఒక దిక్కున మంచి అంకె, అడ్డంగా వెళ్లినప్పుడు ఇనుప అంకె వస్తే మేకు కావచ్చును. మేకు పొడవుగా ఉన్నందున దిక్కును బట్టి వేర్వేరుగా పలుకుతుంది. అయితే నాణెం పక్కన మేకు ఉన్నా ఇదే కనబడుతుంది. ఈ రెండింటిని వేరుచేయడానికి ధ్వని ఎక్కడ బలంగా ఉన్నదో గమనించాలి. దిక్కు మార్చగానే మంచి ధ్వని వచ్చే స్థానం జరిగిపోతే మేకు కొనలు పలుకుతూ ఉండవచ్చును. అదే స్థానంలో పట్టుదలగా నిలిస్తే త్రవ్వి చూడదగినది.

తరువాత పళ్లేన్ని మెల్లగా పైకెత్తాలి. రెండు మూడంగుళాలు ఎత్తగానే జవాబు మాయమైతే వస్తువు చిన్నది, లేదా లోతైనది. జానెడెత్తున కూడ బిగ్గరగా పలికితే అది పెద్ద వస్తువు. బహుశా డబ్బాయో, నాగలి ముక్కయో.

చివరగా, మట్టిగడ్డను తీసిన తరువాత గడ్డను, గుంటను వేర్వేరుగా పరీక్షించాలి. గుంటలో ఇనుప అంకె, గడ్డలో వెండి అంకె నిలకడగా వస్తే, కలిసి మాట్లాడిన ఇద్దరిని విడదీశామన్నమాట. వస్తువు దొరికిన తరువాత కూడా గుంటను మరొకసారి చూడాలి. రెండవ నాణెం అక్కడే ఉండిపోవడం కొత్తేమీ కాదు.

ఇంటివద్ద అభ్యాసం

పొలానికి వెళ్లకముందే దీనిని అభ్యసించవచ్చును. లోహం లేని చెక్కబల్లమీద ఒక నాణెం ఉంచి అంకె వ్రాసుకోండి. దానిని అంచుమీద నిలబెట్టి మళ్లీ చూడండి. పక్కన నాలుగంగుళాల దూరంలో ఒక మేకు పెట్టి, క్రమంగా దగ్గరకు జరుపుతూ అంకె ఏ దూరంలో తడబడటం మొదలుపెడుతుందో గమనించండి. అప్పుడే అడ్డంగా కూడా ఆడించి చూడండి. ఒక్క గంటలో ఈ వ్యాసం చెప్పినదానికంటె ఎక్కువ నేర్చుకొంటారు. బల్లలో మేకులు లేవని మాత్రం ముందుగా యంత్రంతోనే పరీక్షించుకోండి. లేకపోతే బెల్ మహాశయునికి పరుపుతో జరిగినదే మీకూ జరుగుతుంది.

పొలంలో మొదటి నూరు జవాబులను, ఇనుమని తోచినవాటిని సహా, త్రవ్వి చూడటం మంచిది. ఒక పుస్తకంలో మూడు గడులు గీసుకొని, అంకె, మీ ఊహ, దొరికిన వస్తువు వ్రాసుకోండి. ఊహను త్రవ్వకముందే వ్రాయాలి. తరువాత వ్రాస్తే మనసు తనకు అనుకూలంగా దిద్దుకొంటుంది.

అంకె చెప్పలేని సంగతులు

ఇన్ని పరీక్షలు చేసినా కొన్ని సందేహాలు మిగులుతాయి. వాటిలో ఒకటి ప్రాణాపాయానికి సంబంధించినది. యుద్ధాలు జరిగిన నేలలో పెద్ద ఇనుప జవాబు పేలని గుండుది కావచ్చును. అటువంటి వస్తువు తగిలితే కదపకుండా, దూరంగా వెళ్లి పోలీసులకు తెలపాలి. మందుపాతరలు తొలగించేవారికి అంకెను నమ్మి వదలివేసే స్వేచ్ఛ లేదు. ఎంత అస్పష్టమైన జవాబునైనా వారు లోపల ఏమున్నదో తేలేవరకు పరీక్షించవలసిందే. సరదాగా వెదకేవాడు పొరబడితే ఒక నాణెం పోతుంది. వారు పొరబడితే ఒక కాలో, ఒక ప్రాణమో పోతుంది.

రెండవది చట్టానికి సంబంధించినది. ఇంగ్లండులో భూస్వామి అనుమతి లేకుండా వెదకరాదు; రక్షిత ప్రదేశాలలో ప్రత్యేకానుమతి లేనిదే యంత్రం వాడరాదు; నిధిగా పరిగణింపదగిన వస్తువు దొరికితే 1996 నాటి చట్టం ప్రకారం 14 రోజులలో అధికారికి తెలపాలి. మన దేశంలో 1878 నాటి నిధుల చట్టం ప్రకారం నేలలో దాగి దొరికిన వస్తువు విలువ పది రూపాయలు మించితే కలెక్టరుకు వ్రాతపూర్వకంగా తెలియజేయాలి. రక్షిత కట్టడాలవద్ద త్రవ్వడం నేరం. కాబట్టి మన పాఠకులు ఈ విద్యను పెరటిలోని అభ్యాసానికో, పడిపోయిన ఉంగరానికో పరిమితం చేసుకోవడం క్షేమం.

ఈ నియమాల వెనుక ఒక శాస్త్రీయ కారణమున్నది. 1992 నవంబరు 16న ఇంగ్లండులోని హోక్సన్ గ్రామంలో ఒక రైతు పోగొట్టుకొన్న సుత్తిని వెదకుతూ ఆయన మిత్రుడు పొలంలో యంత్రంతో తిరిగాడు. నేల బలంగా పలికింది. త్రవ్వితే రోమను కాలపు నాణెములు, వెండి చెంచాలు బయటపడ్డాయి. వారు అంతటితో ఆగి కబురు చేశారు. పురాతత్త్వజ్ఞులు వచ్చి, వస్తువులు ఏ వరుసలో పేర్చబడి ఉన్నవో నమోదు చేస్తూ తీశారు. నాణెములే సుమారు 15,000. అవి నేలలో ఉన్న అమరికనుబట్టి చెక్కపెట్టెలో సర్ది పాతిపెట్టినవని తెలిసింది. అన్నింటిని ఒక్కసారిగా పెళ్లగించి ఉంటే ఆ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. సుత్తి కూడ దొరికింది. అది కూడా బ్రిటిష్ మ్యూజియం చేరింది.

తడబాటును విసుక్కొనక వినడంవల్ల కలిగిన మేలుకు ఈ యంత్రపు చరిత్రయే సాక్షి. గెర్హార్డు ఫిషర్ అనే ఇంజనీరు విమానాలకు దిక్కు చూపే రేడియో పరికరాలతో పనిచేసేవాడు. కొన్ని ప్రదేశాలలో అవి తప్పుదిక్కు చూపేవి. లోహాలు, ఖనిజమున్న రాళ్లు రేడియో తరంగాలను ప్రక్కకు మళ్లిస్తున్నవని ఆయన గ్రహించాడు. అట్లయితే ఆ తప్పుతోనే ఖనిజాన్ని పట్టవచ్చును గదా అని ఆలోచించి చేతితో మోయదగిన లోహశోధక యంత్రాన్ని నిర్మించి 1937లో పేటెంటు పొందాడు. ఒక పరికరానికి పొరపాటైనది మరొక పరికరానికి పునాది అయింది.

కనుక తెరమీద అంకె ఎగిరినప్పుడు యంత్రాన్ని తిట్టవద్దు. క్రింద ఒకటికంటె ఎక్కువ గొంతులు పలుకుతున్నాయి. కొంచెం జరిగి, దిక్కు మార్చి, మళ్లీ అడగండి.